పొరల మధ్య ఆవిరి: జామ–చీజ్ పఫ్ వెనుక విజ్ఞానం

పఫ్ పిండి పొరల మధ్య జామపండు ముద్ద, క్రీమ్ చీజ్ పెట్టి కాల్చిన చిన్న పఫ్‌ను క్యూబా వాళ్లు పాస్తెలీతో అంటారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ముఖ్యంగా మయామీలో, పొద్దున్నే పాలు పోసిన చిక్కటి కాఫీతో దీన్ని తింటారు. 1959 విప్లవం తర్వాత క్యూబా నుంచి వలస వచ్చిన కుటుంబాలతో పాటు ఈ వంటకం కూడా అక్కడ స్థిరపడింది. పైన పాకపు మెరుపుతో కరకరలాడే పొరలు, లోపల జామ తీపి, చిరుపులుపు, చీజ్ ఉప్పదనం: ఇవన్నీ ఒకే కాటులో తగులుతాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బేకరీల్లో దొరికే ఎగ్ పఫ్, కర్రీ పఫ్ కూడా ఇదే రకం పిండితో చేసినవే. జామకాయకు ఉప్పు, కారం అద్ది తినే అలవాటున్న చోట తీపి, ఉప్పు కలిసిన ఈ రుచి కొత్తగానూ అనిపించదు. తేడా అంతా తయారీలోనే. పఫ్ పిండిని మొదటినుంచీ ఇంట్లో చేయాలంటే పూట గడిచిపోతుంది. దుకాణంలో గడ్డకట్టిన పఫ్ షీట్లు కొనుక్కుంటే గంటలోపు పని ముగుస్తుంది. కష్టమైన భాగం, అంటే పొరలు మడవడం, ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. వండేవాళ్లకు మిగిలే పని ప్రధానంగా ఒకటే: నీటిని అదుపులో ఉంచడం. పిండిలోని నీరు పొరలను పైకి లేపాలి. లోపలి ముద్దలోని నీరు వాటిని తడపకూడదు.

మూడు మడతలు, 729 పొరలు

పఫ్ పిండికి కావలసినవి రెండు. ఒకటి మైదా, నీరు, ఉప్పు కలిపి పిసికిన ముద్ద. రెండోది పలకలా చదును చేసిన చల్లటి వెన్న. మైదా ముద్దను వెడల్పుగా ఒత్తి, మధ్యలో వెన్న పలక పెట్టి, అంచులు మడిచి మూసేస్తారు. దాన్ని పొడవుగా ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేస్తారు. అప్పటికి మూడు వెన్న పొరలు ఏర్పడతాయి. చుట్టూ తిప్పి మళ్లీ ఒత్తి, మళ్లీ మూడుగా మడిస్తే 9. ఆ తర్వాత వరుసగా 27, 81, 243. సంప్రదాయ ఫ్రెంచి పద్ధతిలో ఇలా ఆరుసార్లు చేస్తారు. చివరికి 729 వెన్న పొరలు, వాటిని విడదీస్తూ 730 మైదా పొరలు తయారవుతాయి. పదిహేడో శతాబ్దం నాటికే స్పెయిన్, ఫ్రాన్స్ వంట పుస్తకాల్లో పొరల పిండి కనిపిస్తుంది.

ఈ పిండిని మూడు మిల్లీమీటర్ల మందానికి ఒత్తితే ఒక్కో పొరకు సగటున దక్కేది మిల్లీమీటరులో 500వ వంతు, అంటే సుమారు రెండు మైక్రాన్లు. గోధుమ పిండిలోని పెద్ద స్టార్చ్ రేణువుల అడ్డుకొలత 20 మైక్రాన్లకు పైనే ఉంటుంది. పొర తనలోని రేణువు కన్నా పలచన కావాలంటే ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. అందుకే 729 అనేది లెక్కలో వచ్చే సంఖ్యే. వాస్తవంలో చాలా పొరలు అక్కడక్కడ చిరిగి, పక్క పొరతో కలిసిపోతాయి. మడతలు మరీ పెంచితే పొరలు పూర్తిగా కలిసిపోయి పిండి సరిగా పొంగదు. ఈ కారణంగానే చాలామంది తయారీదారులు అంతకన్నా తక్కువ పొరలతో సరిపెడతారు.

మడతల మధ్య పిండికి విరామం తప్పనిసరి. మైదాలో గ్లయడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు ఉంటాయి. నీటితో తడిసి, పిసుకుడుతో కలిసి అవి గ్లూటెన్ అనే సాగే వలను అల్లుతాయి. గ్లయడిన్ వల్ల పిండి సాగుతుంది. గ్లూటెనిన్ వల్ల సాగినది వెనక్కి లాగుతుంది. ఒత్తిన ప్రతిసారీ ఆ వల బిగుసుకుంటుంది. అరగంట చల్లటి చోట ఉంచితే బిగువు సడలి మళ్లీ ఒత్తడానికి వీలవుతుంది.

వెన్న ఉష్ణోగ్రత ఇంకా సున్నితమైన విషయం. సుమారు 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య వెన్న మెత్తగా వంగుతుంది కానీ కరగదు. అంతకన్నా చల్లగా ఉంటే ముక్కలై మైదా పొరను చీలుస్తుంది. వేడిగా ఉంటే మైదాలోకి ఇంకిపోతుంది. 30 డిగ్రీలు దాటాక దాదాపు కరిగిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో వెన్నతో పఫ్ చేయడం అందుకే కష్టం. అక్కడి బేకరీలు ఎక్కువగా పఫ్ మార్జరిన్ వాడతాయి. అది కరగడానికి వెన్న కన్నా ఎక్కువ వేడి కావాలి కనుక పొరలు చెక్కుచెదరవు. నోటి వేడికి కూడా అది పూర్తిగా కరగకపోతే అంగిలికి జిడ్డుగా అంటుకుంటుంది. మార్జరిన్‌ను పాక్షికంగా హైడ్రోజనీకరించిన కొవ్వులతో చేస్తే అందులో ట్రాన్స్ కొవ్వులుంటాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నూనెలు, కొవ్వుల్లో వీటి పరిమితిని 2022 జనవరి నుంచి రెండు శాతానికి తగ్గించింది.

దుకాణంలో దొరికే పిండి

అమెరికా సూపర్‌మార్కెట్లలో సిద్ధంగా దొరికే పొరల పిండి మూడు రకాలు. మొదటిది గడ్డకట్టిన పఫ్ షీట్. ఎక్కువగా కనిపించే పెపరిడ్జ్ ఫార్మ్ పెట్టె 490 గ్రాములు; అందులో రెండు షీట్లుంటాయి. వీటిలో వెన్నకు బదులు వెజిటబుల్ నూనెలతో చేసిన కొవ్వు ఉంటుంది. డుఫోర్ వంటి కంపెనీలు వెన్నతో చేసిన షీట్లు అమ్ముతాయి. పెట్టె మీద ముద్రించిన పదార్థాల జాబితా చూస్తే తేడా తెలిసిపోతుంది. భారతదేశంలోనూ పెద్ద నగరాల సూపర్‌మార్కెట్లలో గడ్డకట్టిన షీట్లు దొరుకుతున్నాయి.

పఫ్ పిండిలో ఈస్ట్ గానీ, బేకింగ్ పౌడర్ గానీ ఉండదు. ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల వద్ద నెలల తరబడి ఉంచినా అది పొంగే గుణం కోల్పోకపోవడానికి కారణం అదే. ఈస్ట్ పిండిని అలా ఉంచితే ఈస్ట్ కణాల్లో కొన్ని చనిపోయి పొంగు తగ్గుతుంది. పఫ్ పిండిలో చనిపోవడానికి ఏమీ లేదు. పొరలు, నీరు భద్రంగా ఉంటే చాలు.

రెండోది డబ్బాలో వచ్చే క్రెసెంట్ పిండి. దీన్ని ఫ్రీజర్‌లో కాక ఫ్రిజ్‌లో ఉంచుతారు. పచ్చి పిండిని గట్టి అట్ట డబ్బాలో బిగించి అమ్మే పద్ధతికి కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌కు చెందిన లైవ్లీ విలబీ 1931లో పేటెంట్ పొందాడు. ఆ వ్యాపారం 1951లో పిల్స్‌బరీ చేతికి వచ్చింది. 1965లో ఆ కంపెనీ క్రెసెంట్ రోల్స్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. పిండిలోని వంట సోడా, ఆమ్ల లవణం కలిసి కార్బన్ డై ఆక్సైడ్ పుట్టిస్తాయి. ఆ ఒత్తిడి వల్లే డబ్బాను నొక్కగానే టప్పున పగులుతుంది. ఈ పిండి మెత్తగా, రొట్టెలా కాలుతుంది. పఫ్‌లా పొరలు విడవవు.

మూడోది ఫీలో. కాగితమంత పలచని ఈ పొరల మధ్య కొవ్వు ఉండదు. వండేటప్పుడు ఒక్కో పొర మీద కరిగిన వెన్న పూసుకోవాలి. అది పెళుసుగా కాలుతుంది కానీ పఫ్‌లా పైకి లేవదు. పాస్తెలీతోకు సరిపడేది మొదటి రకమే.

ఓవెన్‌లో జరిగేది

సంప్రదాయ కొలతల పఫ్ పిండి బరువులో దాదాపు పావు వంతు నీరే. మైదా తడిపిన నీరు కొంత, వెన్నలోని నీరు కొంత. వెన్నలో కొవ్వు 80 శాతం దాకా ఉంటే మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. ఒక మిల్లీలీటరు నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు కావాలి. 27 గ్రాముల చదరపు పిండి ముక్కలో ఏడు గ్రాముల నీరుందనుకుంటే, అదంతా ఆవిరయ్యాక దాదాపు 12 లీటర్లవుతుంది. ఎక్కువ ఆవిరి బయటికి పోతుంది. కొద్ది భాగం పొరల మధ్య చిక్కుకున్నా పిండి నాలుగింతలు, అంతకు మించి పొంగడానికి సరిపోతుంది.

వేడి ఓవెన్‌లోకి వెళ్లగానే మొదట కొవ్వు కరుగుతుంది. కరిగిన కొవ్వు మైదా పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది, ఆవిరిని కొంతవరకు ఆపుతుంది. మైదా పొరల్లోంచి పుట్టిన ఆవిరి పై పొరను నెడుతుంది. గ్లూటెన్ వల సాగుతుంది కాబట్టి పొర చిరగకుండా లేస్తుంది. 60 డిగ్రీల ప్రాంతంలో స్టార్చ్ రేణువులు నీరు పీల్చి ఉబ్బడం మొదలవుతుంది; వేడి ఇంకా పెరిగితే గ్లూటెన్ గట్టిపడుతుంది. లేచిన పొరలు లేచినచోటే బిగుసుకుంటాయి. ఆ తర్వాత మిగిలిన నీరు పోయి, పొరలు ఎండి కరకరలాడతాయి.

ఈ క్రమం సరిగా సాగాలంటే ఓవెన్ ముందే బాగా వేడెక్కి ఉండాలి. నిదానంగా వేడెక్కే ఓవెన్‌లో ఆవిరి పుట్టక ముందే కొవ్వు కరిగి ట్రే మీదికి కారిపోతుంది. పొంగాక తొందరపడి బయటికి తీసినా నష్టమే. లోపలి పొరలు ఇంకా తడిగా ఉంటే, ఆవిరి చల్లబడి నీరైనప్పుడు పఫ్ కుంగిపోతుంది.

పైన గుడ్డు సొన పూస్తే వచ్చే బంగారు రంగుకు కారణం మెయిలార్డ్ చర్య. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మెయిలార్డ్ 1912లో దీన్ని వివరించాడు. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి గోధుమ రంగు పదార్థాలను, కాల్చిన వాసననిచ్చే అనేక సమ్మేళనాలను పుట్టిస్తాయి. ఉపరితలం మీద తడి ఆరి ఉష్ణోగ్రత 140 డిగ్రీలు దాటాక ఈ చర్య వేగం పుంజుకుంటుంది. గుడ్డు వాడనివారు పాలు పూయవచ్చు. పాలలో ప్రోటీన్, లాక్టోజ్ రెండూ ఉన్నాయి కాబట్టి రంగు వస్తుంది, మెరుపు మాత్రం కాస్త తగ్గుతుంది.

లోపలి ముద్ద

మామూలు జామ్‌ను పఫ్‌లో పెడితే ఓవెన్ వేడికి పలచబడి కారిపోతుంది. క్యూబా వాళ్లు వాడే జామ ముద్ద చాకుతో ముక్కలు కోసేంత గట్టిగా ఉంటుంది. ఆ గట్టిదనం పెక్టిన్ వల్ల వస్తుంది. పండు కణాల గోడల్లో ఉండే ఈ పొడవాటి అణువుల గొలుసులు, నీరు ఎక్కువున్నప్పుడు ఒకదానికొకటి దూరంగా తేలుతుంటాయి. పంచదార నీటిని తనవైపు లాక్కుంటుంది. ఆమ్లం గొలుసుల మీది రుణావేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు గొలుసులు దగ్గరికి చేరి వలలా అల్లుకుంటాయి. ఇందుకు మిశ్రమంలో పంచదార 55 శాతం దాటాలి, పీహెచ్ మూడు ప్రాంతంలో ఉండాలి. జామపండులో పెక్టిన్ పుష్కలంగా ఉంటుంది. పులుపు చాలకపోతే నిమ్మరసం పిండితే సరి.

జామ ఉష్ణమండల అమెరికాకు చెందిన చెట్టు. పోర్చుగీసుల కాలంలో భారతదేశానికి వచ్చి ఇక్కడి పండే అయింది. గోవాలో క్రిస్మస్ సమయంలో చేసే పెరాద్ ఇలాంటి జామ ముద్దే. ఇంట్లో చేయాలంటే బాగా పండిన జామపండ్లను ఉడికించి, గుజ్జును జల్లెడలో వత్తి గింజలు తీసేయాలి. గుజ్జు బరువుకు సమానంగా పంచదార, ఒక నిమ్మకాయ రసం కలిపి అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగ మీద కలుపుతూ ఉండాలి. ముద్ద గిన్నె అంచులు వదిలి గరిటె వెంట కదిలితే సిద్ధమైనట్టే. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి రాత్రంతా ఆరనిస్తే ముక్కలు కోయవచ్చు. తైవాన్ పింక్ వంటి గులాబీ గుజ్జు రకాల్లో లైకోపీన్ అనే వర్ణకం ఉండటంతో ముద్ద ఎర్రగా వస్తుంది. తెల్ల గుజ్జుతో చేస్తే తేనె రంగుకు తిరుగుతుంది.

క్రీమ్ చీజ్‌ను ఎంచుకోవడానికీ కారణముంది. మొజరెల్లా వంటి చీజ్‌లో పాల ప్రోటీన్ కేసిన్‌ను కాల్షియం బంధాలు పట్టి ఉంచుతాయి. వేడికి ఆ పట్టు సడలి చీజ్ కరిగి సాగుతుంది. క్రీమ్ చీజ్‌ను లాక్టిక్ ఆమ్లంతో పేరబెడతారు. ఆమ్లం ఆ కాల్షియాన్ని చాలావరకు కరిగించేస్తుంది, ప్రోటీన్లు వేరే విధంగా గట్టిగా అతుక్కుంటాయి. అందువల్ల వేడికి మెత్తబడుతుంది కానీ నీళ్లలా పారదు. పనీర్ కూడా ఈ కారణంగానే కరగదు. క్రీమ్ చీజ్ దొరకనిచోట పనీర్‌ను కొద్దిగా మీగడ, చిటికెడు ఉప్పుతో మెత్తగా రుబ్బి వాడవచ్చు. అమెరికా ప్రమాణాల ప్రకారం క్రీమ్ చీజ్‌లో తేమ 55 శాతం మించకూడదు. డబ్బాలో వచ్చే పలచని రకం కన్నా గట్టి దిమ్మ రకమే పఫ్‌కు మంచిది.

తీపికి ఉప్పు తోడు

కొద్దిపాటి ఉప్పు తీపిని పెంచినట్టు అనిపించడానికి ఒక కారణం చేదు తగ్గడం. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో చేదు ద్రవానికి పంచదార, సోడియం లవణం కలిపి రుచి చూపించారు. సోడియం చేదును అణచింది. చేదు అణగడంతో దాని మాటున ఉన్న తీపి పైకి తేలింది. జామపండులో కాస్త వగరు, ఉడికిన పంచదారలో సన్నటి చేదు ఉంటాయి. చీజ్‌లోని ఉప్పు వాటిని వెనక్కి నెడుతుంది. హైదరాబాద్ ఉస్మానియా బిస్కెట్‌లో తీపి వెంట ఉప్పు తగలడం కూడా ఈ కోవలోదే. కొవ్వు మరో పని చేస్తుంది. పులుపు పదును తగ్గించి, కొవ్వులో కరిగే సువాసనలను నోట్లో నిదానంగా విడుదల చేస్తుంది.

తయారీ

తొమ్మిది పఫ్‌లకు రెండు పఫ్ షీట్లు, 180 గ్రాముల జామ ముద్ద, 110 గ్రాముల క్రీమ్ చీజ్, ఒక గుడ్డు, పాకానికి 50 గ్రాముల పంచదార, 50 మిల్లీలీటర్ల నీరు కావాలి.

షీట్లను ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చాలి. చల్లటి దేశాల్లో 40 నిమిషాలు వంటగదిలో ఉంచినా సరిపోతుంది. ఎండాకాలం తెలుగు ఇళ్లలో అంతసేపు బయట ఉంచితే లోపల గడ్డ విడిచేలోపే పైన కొవ్వు కరగడం మొదలవుతుంది. మడతలు విప్పినప్పుడు పిండి విరగకుండా వంగాలి. వేలికి మాత్రం చల్లగానే తగలాలి.

ఓవెన్‌ను 200 డిగ్రీలకు పెట్టి, ఒక్కో షీట్‌ను తొమ్మిది చదరాలుగా కోయాలి. పదునైన చాకును నిటారుగా కిందికి నొక్కాలి తప్ప లాగకూడదు. మొద్దు చాకుతో లాగితే అంచుల్లో పొరలు నలిగి అతుక్కుపోతాయి. అతుక్కున్న అంచు పొంగదు. మొదటి షీట్ చదరాలను బేకింగ్ పేపర్ పరచిన ట్రేలో సర్దాలి. ఒక్కో దాని మధ్యలో 20 గ్రాముల జామ ముక్క, పక్కనే ఓ పెద్ద చెంచా క్రీమ్ చీజ్ పెట్టి చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ల అంచు వదలాలి. ఆ అంచుకు గిలకొట్టిన గుడ్డు సొన పలచగా పూసి, రెండో షీట్ చదరాన్ని పైన కప్పి, ఫోర్క్ పళ్లతో అంచులు నొక్కాలి. పైన చాకుతో రెండు చిన్న గాట్లు పెడితే లోపలి ఆవిరి ఆ దారిన పోతుంది, అంచులు విచ్చుకోవు.

ట్రేను 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. చేతి వేడికి మెత్తబడ్డ కొవ్వు ఈలోగా మళ్లీ గట్టిపడుతుంది, గ్లూటెన్ బిగువు సడలుతుంది. తర్వాత పైభాగానికి మాత్రమే సొన పూయాలి. అది పక్కల నుంచి కారితే కోసిన పొరలను జిగురులా అంటించేస్తుంది. ఓవెన్ మధ్య అరలో 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. పైనే కాక పక్కలూ, అడుగూ గోధుమ రంగుకు తిరగాలి.

పఫ్‌లు కాలుతుండగానే పంచదార, నీరు కలిపి రెండు నిమిషాలు మరిగిస్తే పాకం సిద్ధం. పఫ్‌లు బయటికి రాగానే దాన్ని బ్రష్‌తో పలచగా పూయాలి. వేడికి పాకంలోని నీరు వెంటనే ఆరి, మెరిసే పంచదార పొర మిగులుతుంది. చల్లారాక పూస్తే నీరు అక్కడే నిలిచి పై పొరను నానబెడుతుంది. తినే ముందు 15 నిమిషాలు ఆగడం మంచిది. చిక్కటి పంచదార ముద్ద వేడిని చాలాసేపు పట్టి ఉంచి నోరు కాలుస్తుంది.

ఎక్కడ చెడుతుంది

పఫ్ ఒకవైపే లేస్తే సొన అంచుల మీదికి కారి ఉండాలి, లేదా చాకు మొద్దుగా ఉండాలి. ట్రేలో కొవ్వు మడుగు కడితే ఓవెన్ చాలినంత వేడెక్కలేదనో, పిండి ముందే మెత్తబడిందనో అర్థం. చదరం కోసినప్పటి కన్నా చిన్నదైతే గ్లూటెన్‌కు విరామం చాలలేదు.

అడుగు పచ్చిగా మిగలడం ఎక్కువగా ఎదురయ్యే సమస్య. ముద్ద బరువుకు కింది పొరలు పూర్తిగా లేవవు, తేమ కూడా అక్కడికే దిగుతుంది. ట్రేను ఓవెన్‌తో పాటే వేడిచేసి, పఫ్‌లను పేపర్‌తో సహా దాని మీదికి జార్చితే అడుగుకు మొదటి నిమిషం నుంచే వేడి అందుతుంది. కింది చదరం మధ్యలో ఫోర్క్‌తో నాలుగైదు గుచ్చులు పెట్టడం మరో ఉపాయం. మైక్రోవేవ్‌లో మాత్రం పఫ్ కాలదు. అందులో నీరు వేడెక్కి ఆవిరవుతుంది కానీ చుట్టూ ఉన్న గాలి చల్లగానే ఉంటుంది; పై పొర ఎండదు, రంగూ రాదు.

నిల్వ

కాల్చిన పఫ్ ఆ పూటకే బాగుంటుంది. జామ ముద్ద, చీజ్‌లోని తేమ క్రమంగా ఎండిన పొరల్లోకి చేరి కరకరదనం పోతుంది. గాలి చొరని డబ్బాలో పెడితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. క్రీమ్ చీజ్ పాడయ్యే పదార్థం కాబట్టి రెండు గంటలు దాటితే ఫ్రిజ్‌లో పెట్టాలి. తినే ముందు 175 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు వేడిచేస్తే పొరల్లోని తేమ పోయి కరకరదనం చాలావరకు తిరిగి వస్తుంది.

ఎక్కువ మొత్తంలో చేసుకోవాలంటే కాల్చక ముందే నిల్వ చేయడం మేలు. ముద్ద పెట్టి మూసిన పఫ్‌లను ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. కావలసిన రోజు గడ్డ విడిచేదాకా ఆగక్కర్లేదు. పైన సొన పూసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టి, మామూలు కన్నా ఐదు నిమిషాలు ఎక్కువ కాల్చితే చాలు.